తల మాత్రం అప్పగించను

ఉద్యమం రోజుల్లో ఒక బంద్ నాడు క్యాబులు తిరగలేదు. కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీలోని ఆఫీసుకు నడిచి వెళ్లి, రొప్పుతూ కుర్చీలో కూలబడ్డాను.

"ఏంటండీ, ఈ ఊపిరితోనా తెలంగాణ తెచ్చేది?" అన్నాడు మా టీమ్ లీడర్. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

ఆ వారమే కొండాపూర్‌లో బాక్సింగ్‌లో చేరాను. స్కిప్పింగ్ చేసి, బ్యాగును గుద్ది గుద్ది పొట్ట తగ్గించాను, దమ్ము పెంచుకున్నాను. అయితే మొదటిసారి మనిషితో తలపడిన రోజు కణతకు దెబ్బ తగిలి కళ్లు బైర్లు కమ్మాయి. తలకు ఇలాంటి దెబ్బలు పదే పదే తగిలితే మెదడుకే ముప్పని డాక్టరు హెచ్చరించాడు. బ్యాగును ఎంతసేపైనా గుద్దుతాను గానీ తల మాత్రం అప్పగించనని కోచ్‌కు చెప్పేశాను.

"గిట్ల భయపడితే బాక్సింగ్ ఎందుకన్నా? ఇగ యోగాకు పో," అన్నాడతను.

ఆ మాటనూ మనసులో దాచుకున్నాను. మర్నాడు అందరికంటే ముందే వెళ్లి తాడు అందుకున్నాను.

మళ్లీ బంద్ వచ్చింది. అంత దూరమూ నడిచి, రొప్పకుండా టీమ్ లీడర్ సీటు ముందు నిలబడ్డాను. కుర్చీ ఖాళీగా ఉంది. క్యాబులు లేవని ఆయన రాలేదట.

ఇంకో బంద్ రాకపోతుందా అని సాధన మానలేదు.