సోమవారానికి మిగిలిన పాఠం

మా కాలేజీలో ప్రతి లెక్చరరుకీ ఒక టీచింగ్ డైరీ ఉండేది. ఏ రోజు ఏ క్లాసుకి ఏం చెప్పామో అందులో రాసి, శనివారం ప్రిన్సిపాల్ గారి సంతకానికి పంపాలి. నిజానికి ఏ రోజుది ఆ రోజు ఎవరూ రాసేవారు కాదు. శనివారం స్టాఫ్‌రూములో కూర్చుని, నిరుటి డైరీ ముందు పెట్టుకుని, తేదీలు మార్చి దించేసేవారు. ప్రిన్సిపాల్ గారు చదివితే కదా. దున్నపోతు ఈనిందని రాసినా దాని కింద ఆయన సంతకం పడేది.

విజయవాడలోని ఆ ప్రైవేటు కాలేజీలో నేను పాలిటిక్స్ ట్యూటరుగా చేరేనాటికి ఎమర్జెన్సీ వచ్చి రెండు నెలలు. మా డిపార్టుమెంటులో మా హెడ్డు గారూ నేనూ, ఇద్దరమే. ఆయన్ని నేను మేష్టారనేదాన్ని. ఆయన రాత కోడి కెలికినట్టుండేది. నేను పాఠం చెప్పడం నేర్చుకోవడానికి ఆయన క్లాసులో వెనక బెంచీ మీద కూర్చునేదాన్ని కాబట్టి, ఆయన డైరీ రాసే పని నాకప్పగించారు.

"నిరుటిది చూసి రాసెయ్యమంటారాండీ?" అని అడిగాను.

"ఎందుకమ్మా? ఏం చెప్పామో అదే రాయండి. రాయడానికి భయపడే పాఠం అసలు చెప్పడం దేనికి?" అన్నారు.

నాకా మాట నచ్చింది. మా నాన్నగారు మిషను స్కూల్లో టీచరు. మా ఇంట్లో అబద్ధమాడినవాళ్ళకి ఆ వారం భోజనం ముందు ప్రార్థన చెప్పే వంతు ఇచ్చేవారు కాదు.

ఒక శుక్రవారం బి.ఏ. క్లాసులో ప్రాథమిక హక్కుల పాఠం. ఒక కుర్రాడు లేచి, "ఇప్పుడు మన హక్కు పోతే కోర్టుకెళ్ళొచ్చాండీ?" అని అడిగాడు.

"ఇప్పుడు వెళ్ళలేం. అలా ఆపడం సబబో కాదో మీరే చెప్పండి," అన్నారు మేష్టారు. సగం మంది సబబన్నారు, సగం మంది కాదన్నారు. బెల్లు కొట్టేసరికి, "మిగిలింది సోమవారం మాట్లాడుకుందాం" అన్నారు. నేను డైరీలో పొల్లుపోకుండా రాశాను: హక్కుల నిలుపుదల సబబా, కాదా? విద్యార్థులతో చర్చ. మిగిలింది సోమవారం. ప్రిన్సిపాల్ గారు ఎప్పటిలాగే సంతకం చేశారు.

ఎవరు చేరవేశారో తెలియదు, సోమవారం పొద్దున్నే ఆ డైరీ కాలేజీ కరస్పాండెంటు గారి బల్ల మీద ఉంది. మేష్టారినీ నన్నూ పిలిచారు. తన సంతకం కంటపడకుండా ప్రిన్సిపాల్ గారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"ఈ రాత మీదేనా? ఈయన ఇలాగే చెప్పారా?" అని నన్నడిగారు కరస్పాండెంటు గారు.

తప్పు రాశానండీ అంటే సరిపోయేదేమో. "ఔనండి, ఇలాగే చెప్పారు," అన్నాను. ధర్మమని కాదు. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, భయమేసి చెప్పాను.

"ఆవిడ రాసింది అక్షరాలా నిజమండీ. అది యూనివర్సిటీ పెట్టిన పాఠమే కదండీ," అన్నారు మేష్టారు.

"ఏ పాఠం చెప్పాలో యూనివర్సిటీ చెప్తుంది. ఎంతవరకు చెప్పాలో మేం చెప్తాం."

ఆ వారంలోనే ఆయన్ని తీసేశారు. యూనివర్సిటీకి రాసుకుంటే, అది కాలేజీ అంతర్గత వ్యవహారమని జవాబొచ్చింది. ఆయన తన బల్ల సర్దుకుంటుంటే స్టాఫ్‌రూములో ఎవరూ డైరీల్లోంచి తలెత్తలేదు. నేనూ ఎత్తలేదు. దానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆయన క్లాసు నాకిచ్చారు. "ఆ చాప్టరు అయిపోయిందనుకోండమ్మా," అన్నారు ప్రిన్సిపాల్ గారు. నేను తర్వాతి పాఠం నోట్సు చెప్పాను. ప్రశ్న అడిగిన కుర్రాడు నా వంక ఒకసారి చూసి, తలొంచుకుని రాసుకున్నాడు. డైరీలో 'ప్రాథమిక హక్కులు పూర్తి' అని రాశాను. ఆ వారం ఇంట్లో ప్రార్థన చెప్పే వంతు నాకొచ్చింది. చెప్పాను.

ఎమర్జెన్సీ పోయింది. మేష్టారి ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు. ఆ ఉద్యోగంలో నేనున్నాను. ఒకసారి పటమట బస్‌స్టాపులో కనిపించారు. ఇంటర్ తప్పినవాళ్ళకి ట్యుటోరియల్లో పాఠాలు చెబుతున్నారట. నామీద కోపమేమీ లేదు. అది ఉన్నా బావుండేది.

"ఆ సోమవారం పాఠం పిల్లలకి పూర్తి చేశారామ్మా?" అని అడిగారు.

"పూర్తయిందండి."

ఆయన ముఖం తేటపడింది. "మధ్యలో వదిలేశానని ఇన్నాళ్ళూ దిగులుగా ఉండేది. మీరున్నారుగా, చెప్పే ఉంటారనుకున్నాను," అంటూ బస్సెక్కారు.