కోసి తెచ్చిన బోరింగులు

2023 వేసవి. గాజువాక ఆటోనగర్‌లో పాత ఇనుము కరిగించి కడ్డీలు తీసే ఒక చిన్న మిల్లు. పెద్ద స్టీలు ప్లాంటులో చేసి రిటైరైనవాళ్లు కొందరు, అందులో ఉద్యోగం వస్తుందని ఎదురుచూస్తూ తల నెరిసినవాళ్లు కొందరు ఇలాంటి మిల్లుల్లో పనిచేస్తుంటారు. నేను రెండో జట్టు. పేరు సత్యం. ఇల్లు కూర్మన్నపాలెం, పని స్క్రాప్ యార్డు సూపర్‌వైజరు. లోకం పారేసిన ఇనుము నా దగ్గరికి వస్తుంది. దాన్ని రకాలవారీగా వేరుచేసి కొలిమికి పంపడం నా పని.

మా కొలిమి తిండిని హెచ్ఎంఎస్ అంటారు, అంటే హెవీ మెల్టింగ్ స్క్రాప్. కరిగించడానికి తప్ప మరెందుకూ పనికిరాని మందపాటి ఇనుమన్నమాట. కొంత మన ఊళ్లలోనే దొరుకుతుంది, కొంత కంటైనర్లలో సముద్రం దాటి వస్తుంది. పోర్టులో దిగిన కంటైనర్‌ని యార్డుకు తెచ్చి, తలుపు తీసి, ఉన్నదంతా కింద పోస్తాం. కొలిమిలో ఒక విడతకు వేసే ఇనుమును ఛార్జి అంటాం. కంటైనర్‌లో ఏమొస్తుందో దేవుడికే తెలియాలి. రైలు పట్టాలు వచ్చాయి, ట్రాక్టరు చక్రాలు వచ్చాయి, ఒకసారి బడి గంట కూడా వచ్చింది. ఇవేవీ నా నిద్ర చెడగొట్టలేదు.

ఆ వేసవిలో ఎస్తేర్ అనే విద్యార్థిని మా యార్డుకు వచ్చేది. ఆఫ్రికాలోని మలావీ దేశం నుంచి వచ్చి విశాఖలో ఎం.టెక్ చదువుతోంది. ప్రాజెక్టు కోసం తుపాకీలాంటి స్పెక్ట్రోమీటర్ ఒకటి పట్టుకుని, ఏ ముక్కలో ఏ లోహం ఎంతుందో కొలుచుకునేది. మొదటిరోజు పేరు చెప్పగానే మా గ్యాస్ కట్టర్ అప్పలనాయుడు నవ్వాడు. "ఓలమ్మ, మా ఈదిలో ఇద్దరు ఎస్తేరమ్మలున్నారు. నువ్వు మూడో ఎస్తేరమ్మవి" అన్నాడు. అప్పట్నుంచి యార్డందరికీ ఆవిడ ఎస్తేరమ్మే. మాతో ఇంగ్లీషులో మాట్లాడేది, మధ్యమధ్య 'అన్నా' అనేది. నాయుడికి ఇంగ్లీషు రాదు, ఆవిడకు నాయుడి తెలుగు అర్థంకాదు. అయినా అందరికంటే ఎక్కువ మాట్లాడుకునేది వాళ్లిద్దరే.

ఒక ఉదయం ఆఫ్రికా తూర్పు తీరం నుంచి వచ్చిన కంటైనర్ తెరిచాం. పైన తుక్కు రేకులు, పాత ఇంజన్ల దిమ్మలు. వాటి కింద బోరింగులు. మన పల్లెల్లో వీధి మొగలో ఉండే చేతి బోరింగులే, పైన ఇనప పెట్టె, దానికి పొడవాటి పిడి. ఆ నమూనా మన దేశంలోనే పుట్టి ఆఫ్రికా పల్లెలకు వెళ్లింది. వెళ్లినవి తిరిగొచ్చాయిలే అనుకున్నాను. మన పల్లెల్లో కొళాయిలు పడ్డాక పాత బోరింగులు మా యార్డుకు బోలెడు వచ్చాయి. అన్నీ తుప్పు పట్టి, పిడి ఊడి, లోపల కందిరీగలు గూళ్లు కట్టినవే. మేం మారుమాట లేకుండా కోసి పడేశాం.

కొలిమి నోట్లో పట్టనంత పెద్ద ఇనుమును గ్యాసు మంటతో కోయడం నాయుడి పని. టార్చి వెలిగించి ఒక బోరింగు దగ్గర కూర్చున్నాడు. కాసేపు చూసి మళ్లీ ఆర్పేశాడు.

"ఏటైంది నాయుడూ? గ్యాసు అయిపోనాదా?"

"గ్యాసుంది బావా. నాను కొయ్యను."

"కొయ్యవా? ఏటి, పొద్దున్నే ఎక్కిందా?"

"ఎటకారం తరవాత. ఇలాగ రా, సూడు."

పెట్టె మూత ఎత్తి చూపించాడు. లోపలి గొలుసుకు గ్రీజు ఇంకా మెత్తగా ఉంది. పిడి చివర, చేతులు పట్టుకునే చోట, ఇనుము వెండిలా మెరుస్తోంది.

"సచ్చిపోయిన బోరింగుకి గ్రీజెవుడు రాత్తాడు బావా? మొన్నమొన్నటిదాకా దీంతో నీల్లు కొట్టినారు. ఇటు సూడు, బోల్టులు ఇప్పనేదు. రంపం ఎట్టి కోసినారు. ఇది సచ్చి రానేదు. సంపి తెచ్చినారు."

వంగి ఒక్కొక్కటీ చూశాను. అన్నిటికీ బోల్టులు కోసే ఉన్నాయి. పాడైన యంత్రాన్ని విప్పేవాడు స్పానరు పెడతాడు, రంపం పెట్టడు. ఇన్నేళ్లు ఇనుము మధ్య తిరిగినా నేను ఎప్పుడూ చూడని చోట నాయుడు చూశాడు.

అప్పుడు ఎస్తేరమ్మ తన పరికరం పట్టుకుని వచ్చింది. వచ్చినావిడ కొలవలేదు. మోకాళ్ల మీద కూర్చుని పెట్టె పక్కన చెయ్యి పెట్టి తడిమింది. అక్కడ వెల్డింగుతో అక్షరాలు రాసి ఉన్నాయి.

"మీ భాషేనా అమ్మా?" అని అడిగాను.

"మాదే అన్నా. మ్తెండెరె అని ఉంది. శాంతి అని అర్థం. ఊరి పేరు."

"ఏ జిల్లాలో ఉందది?"

"ఆ పేరున్న ఊళ్లు మా దేశంలో ఎన్నో ఉన్నాయి."

మనకు రామాపురాలున్నట్టు అన్నమాట. ఊరి పేరు తెలిసినా ఊరు తెలియదు.

ఆవిడ అక్కడే కూర్చుని చెప్పింది. తల్లి పోతే పెంచింది పిన్ని. ఆ పిన్ని ఉన్న పల్లెలో బోరింగు ఒక్కటే మంచినీటి ఆధారం. కిందటి వానాకాలంలో దాన్నీ ఇలాగే తల కోసి ఎత్తుకుపోయారు. ఊరంతా వాగు నీళ్లు తాగుతోంది. ఆ చుట్టుపక్కల కలరా ఉంది. పట్నం వచ్చెయ్యమంటే పిన్ని రాదు, మేకలున్నాయంటుంది.

"చిల్లర దొంగలనుకోకండి. కోసేవాళ్లు వేరు, లారీలో మోసేవాళ్లు వేరు, సరిహద్దు దాటించేవాళ్లు వేరు. పట్నంలో పెద్ద డిపో ఉంటుంది. మా పిన్ని ఊళ్లో బోరింగు దగ్గర కాపలా పడుకున్న ముసలాయన చేతులు రెండూ విరగ్గొట్టారు. ఎవరు చేశారో ఊరందరికీ తెలుసు. నోరు విప్పినవాడి ఇల్లు తగలబడుతుంది."

నేను నాయుడికి తెలుగులో చెప్పాను. వాడు ఆలోచించి, "నట్ల మీద ఎల్డింగు సుక్క ఎట్టీసుకోనేకపోనారా? అప్పుడెవుడూ ఇప్పనేడు కదా" అన్నాడు.

ఆ మాట ఇంగ్లీషులో చెప్పగానే ఎస్తేరమ్మ తల ఊపింది. "పెట్టారు. దొంగలు రంపాలు తెచ్చారు. పైగా బోరు చెడిపోతే బాగుచేసేవాడు కూడా విప్పలేకపోయాడు."

కోసేవాడు, మోసేవాడు, దాటించేవాడు అని ఆవిడ చెప్పిన వరసలో చివర కరిగించేవాడు ఉన్నాడు. అది నేనే.

మా యార్డులో ఒక అలవాటుంది. స్క్రాప్‌లో గుడి గంటో, దీపం కుందో, శిలువో దొరికితే కొయ్యరు. గోడవారన వేపచెట్టు కింద పెడతారు. ఎవరో ఒకరు వచ్చి దండం పెట్టుకుని పట్టుకెళ్తారు. యజమానులు మారినా ఎవరూ కాదనలేదు. నాయుడు ఆ రోజు బోరింగులన్నీ ఒక్కొక్కటిగా లాక్కెళ్లి ఆ చెట్టు కింద నిలబెట్టాడు. "దేవుడి సామాను కాదు కదా" అని ఎవరో అంటే, "మా ఊర్లో బోరు పడిన రోజు మొదటి బిందె బోరింగుకే పోసి పసుపు రాసినాం. ఇప్పటికీ దానికి కాలు తగిలితే కల్లకద్దుకుంటాం. మరి దేవుడి సామాను కాకపోతే ఏటది?" అన్నాడు.

మా యజమాని గోదావరి జిల్లా మనిషి. చెడ్డవాడు కాదు, భయస్తుడు. "ఏంటండీ సత్యంగారూ, మన పని కరిగించడం. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆరాలు తియ్యడం మొదలెడితే కొరివితో తల గోక్కున్నట్టేనండి" అన్నాడు. ఎస్తేరమ్మ మొహం చూసి కొంచెం మెత్తబడ్డాడు. "కొన్నాళ్లు ఆగుతాను. ఏం చేసుకున్నా పద్ధతి ప్రకారం చేసుకోండి" అన్నాడు.

పద్ధతి ప్రకారమే చేశాం. ఎస్తేరమ్మ ఢిల్లీలో ఉన్న తన దేశపు రాయబార కార్యాలయానికి ఫోన్ చేసింది, ఫోటోలు పంపమన్నారు, పంపింది. తన పిన్ని ఊరి బోరింగు అందులో ఉందో లేదో తెలియదు. ఏదైనా ఫరవాలేదు, ఈ తలలు మా దేశం చేరితే చాలు, ఒకటి అక్కడికి పంపించుకుంటాను అంది. నేను పోర్టులో మా కాగితాల పని చూసే క్లియరింగ్ ఏజెంటు ద్వారా కస్టమ్స్‌కు కబురు పెట్టాను. దొంగ సామానులా ఉంది, వచ్చి చూడండి అని. వాళ్లు స్వాధీనం చేసుకుంటారు, ఎప్పటికో ఒకప్పటికి వెనక్కి పంపుతారు అనుకున్నాం. నాయుడు బోరింగుల మీద పాత టార్పాలిన్ కప్పాడు.

అధికారి వచ్చారు. మర్యాదగల మనిషి. ప్రతి బోరింగూ చూశారు, పిడి ఎత్తి దించారు.

"ఆ దేశం నుంచి ఫిర్యాదేమైనా వచ్చిందా?"

"ఇంకా రాలేదండి. ఫోటోలు పంపాం."

"సొంతదారెవరో తెలుసా?"

"ఊరి పేర్లున్నాయండి."

ఆయన నిట్టూర్చారు. "ఫిర్యాదు లేకుండా నేను దొంగ సామానని రాయలేను. మీరు కరిగించే స్క్రాప్ అని చెప్పి తెచ్చారు. ఇవేమో రేపు బిగిస్తే నీళ్లొచ్చేలా ఉన్నాయి. పనికొచ్చే వస్తువు స్క్రాప్ పేరుతో లోపలికి రాకూడదు. మ్యుటిలేట్ చెయ్యాలి."

మ్యుటిలేషన్ అంటే మళ్లీ వాడటానికి వీల్లేకుండా ముక్కలు చేయడం. మంచి యంత్రాలను తుక్కని చెప్పి సుంకం ఎగ్గొట్టేవాళ్ల కోసం పెట్టిన రూలు. మంచి రూలే. నేనే ఎన్నోసార్లు దగ్గరుండి చేయించాను.

"సార్, అవి పనికొస్తాయి కాబట్టే ఆపమంటున్నాం" అంది ఎస్తేరమ్మ.

"అవి పనికొస్తాయి కాబట్టే కొయ్యమంటున్నానమ్మా" అన్నారాయన. ఆ మాట అన్నందుకు ఆయనకే బాధగా ఉన్నట్టు తల తిప్పుకున్నారు.

మా యజమాని నా వైపు చూశాడు. కొయ్యకపోతే కంటైనర్ మొత్తం ఆగిపోతుంది, మిల్లు మీద కేసు పడుతుంది, అందరి పనీ పోతుంది. ఇంకో కట్టర్‌ని పిలవబోయాను. నాయుడు లేచాడు.

"ఇంకోడెందుకు బావా? ఆడికి ఇదేటో తెల్దు. నానే కోత్తాను. ఓ బకెట్టు నీల్లు తెప్పించు."

నీళ్లు తెచ్చారు. నాయుడు ప్రతి బోరింగు మీదా చెంబెడు పోశాడు. ఎస్తేరమ్మ పక్కన నిలబడి పెట్టె మీది ఊరి పేరు పైకి చదివింది. చదివాక వాడు కోశాడు. పేరు లేనివి వచ్చినప్పుడు ఆవిడ తన పిన్ని ఊరి పేరు చెప్పింది. అధికారి ఎండలోనే నిలబడ్డారు, కుర్చీ వేసినా కూర్చోలేదు. ఆ పని నా చేతుల మీదుగా జరిగిన మిగతా పనుల్లాగే పద్ధతిగా, పొరపాటు లేకుండా పూర్తయింది. అంత అసహ్యం నా పని మీద నాకు ఎప్పుడూ కలగలేదు.

రాయబార కార్యాలయం జవాబు తర్వాత వచ్చింది. సామాను భద్రంగా ఉంచండి, మా ప్రభుత్వానికి రాస్తున్నాం అని. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు. అప్పటికి ఆ ఇనుము కడ్డీలై ఏ మేడ స్లాబులోనో పడుకుంది.

వానలు మొదలయ్యాక ఎస్తేరమ్మ కొన్నాళ్లు యార్డుకు రాలేదు. వచ్చిన రోజు కళ్లు వాచి ఉన్నాయి. పిన్నికి కలరా వచ్చిందట. ఆస్పత్రి దూరం. తీసుకెళ్తుండగా దారిలోనే పోయిందట. నాయుడు తన టిఫిను డబ్బా ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ తినలేదు, పక్కకీ నెట్టలేదు. తర్వాత లేచి తన పరికరం తీసుకుని పనిలో పడింది. చదువు పూర్తిచేసి వెళ్లిపోయే ముందు మా దగ్గరికి వచ్చి ఒకటే అడిగింది.

"అన్నా, ఇంకో కంటైనర్ వస్తే ఏం చేస్తారు?"

"ఈసారి ముందు నీకే చెప్తాం అమ్మా. ఫిర్యాదు అక్కణ్ణుంచి వచ్చేలా చూడు" అన్నాను. చాలా తెలివైన మాట అన్నాననుకున్నాను.

ఆ ఏడాది చివర్లో అదే తీరం నుంచి ఇంకో కంటైనర్ వచ్చింది. దగ్గరుండి తీయించాను. బోరింగు ఒక్కటీ లేదు. హమ్మయ్య అనుకుంటుండగా నాయుడు ఒక ముక్క పట్టుకొచ్చాడు. జానెడు కూడా లేదు. ఒక పక్కంతా చేతులు పట్టుకున్న నునుపు, ఇంకా మెరుస్తోంది. కుప్ప కదిపి చూశాం. గొలుసు ముక్కలు, పెట్టె ముక్కలు, తెగిన వెల్డింగు అక్షరాలు. అన్నీ అక్కడే చితక్కొట్టి పంపారు. మా యార్డులో జరిగింది ఎలాగో ఆ వరసంతా వెనక్కి ప్రయాణించి డిపో దాకా చేరింది. నిండు బోరింగు పంపితే దారిలో ఆగుతుందని వాళ్లు నేర్చుకున్నారు. రూలు ప్రకారం చూస్తే ఇప్పుడది అచ్చమైన హెచ్ఎంఎస్. ఏ ఊరిదని ఎవరికి ఫోన్ చెయ్యాలి?

ఇనుము చచ్చి వచ్చిందా, చంపి తెచ్చారా అన్నది ఇప్పుడు బోల్టు చూసి చెప్పగలను. నాయుడి పుణ్యమా అని అది నేర్చుకున్నాను. ఆ వేసవి నేర్పిన రెండో సంగతి మాత్రం ఇంకా మింగుడు పడటం లేదు. దొంగ ఇనుము కొలిమికి పోవడానికి అన్ని దారులూ ఉన్నాయి, ఇంటికి పోవడానికి ఒక్కటీ లేదు.

నాయుడు ఆ ముక్కను వేపచెట్టు కింద పెట్టాడు. "ఏ ఊరిదో బావా" అన్నాడు. చదివి చెప్పే మనిషి లేదు, చదవడానికి దాని మీద అక్షరమూ లేదు. కొన్నాళ్లు అది అక్కడే ఉంది. దండం పెట్టుకుని పట్టుకెళ్లడానికి ఎవరూ రాలేదు. వానకు తడిసి ఆ మెరుపు కూడా పోయింది. ఒకరోజు ఛార్జికి బరువు చాలలేదు. నేనే తీసి వేశాను.