ముందు గుక్క

హోటల్లో అందరూ ఆయన్ని సీసాల పెద్దాయన అనేవారు. పాత ఫ్రెంచి రెడ్ వైన్ తెరిచినప్పుడల్లా, అది పాడైందో లేదో ముందుగా ఒక్క గుక్క తాగి చూసి, ఆపైన అతిథికి పోయడం ఆయన ఉద్యోగం. ముప్ఫై ఏళ్లలో వందల సీసాలు రుచి చూశాడు గానీ, ఒక గ్లాసు నిండా తాగిన పాపాన పోలేదు.

రిటైరైన రోజు యజమాని ఆయన సర్వీసంత వయసున్న సీసా చేతిలో పెట్టి, "ఇంట్లోవాళ్లతో కలిసి తాగండి" అన్నాడు. ఇంట్లో ఎవరున్నారని ఈ ముప్ఫై ఏళ్లలో ఒక్కసారైనా అడిగితే కదా, తెలిసేది.

మడ్డి అడుక్కి దిగాలని రెండు రోజులు సీసాను కదపకుండా నిలబెట్టాడు. ఆదివారం మధ్యాహ్నం తన ఒంటిగదిలో బిరడా తీసి, నిలబడే గుక్క తాగాడు. ఎండుటాకుల వాసన, తడిమట్టి, ఎక్కడో అడుగున ఇంకా బతికున్న పండు తీపి. కోపాలన్నీ చల్లారిన మనిషిలా ఉంది.

"బాగుందండీ. పొయ్యమంటారా?" అన్నాడు అలవాటుకొద్దీ.

ఎదుట ఖాళీ కుర్చీ. దాని ముందున్న గ్లాసులో పోసి, తువ్వాలు చేతిమీద వేసుకుని పక్కనే నిలబడ్డాడు. అంత పాత వైన్ గంటలో చప్పబడిపోతుందని ఆయనకు తెలియంది కాదు. కూర్చోమని ఎవరైనా అంటే గానీ కూర్చోవడం ఆయనకు చేతకాదు.