జోడు సీసా

ఒక లీటరు సీసా పదేళ్లకు పైగా నాతో తిరుగుతోంది. సంచిలో కాదు. సంచిలో అయితే ఎప్పుడో బస్సులో మరిచిపోయేవాణ్ణి. నా మరుపు అలాంటిది. గొడుగులు, టిఫిన్ డబ్బాలు సరే, ఒకసారి మా మామగారినే ఆదోని బస్టాండులో మరిచిపోయి ఇంటికొచ్చాను. ఈ సీసాను మాత్రం ఎక్కడా దించలేకపోయాను. దీని సంగతి మా ఇంట్లో కూడా తెలియదు. మీకు చెబుతున్నాను. మీ ముఖం నాకు కనపడదు కాబట్టి చెప్పగలుగుతున్నానేమో. అదీ ఒక పిరికితనమే. పోనివ్వండి, నా మొత్తం పిరికితనంలో ఇది చిన్న వాటా.

నాది ఎమ్మిగనూరు. మగ్గం ఉన్న ఇంట్లో పుట్టాను. మా నాన్న చీరలు నేసేవాడు. నేను నేసింది ఒక్కటే, అదీ అబద్ధం. నేత మాత్రం గట్టిది, ఇంతకాలం ఒక్క పోగూ ఊడలేదు. మట్టి, నీళ్లు పరీక్ష చేసే ఒక కంపెనీలో నా ఉద్యోగం. పరీక్షలు చేసేవాళ్లు వేరే ఉన్నారు, చదువుకున్నవాళ్లు. నేను ఊళ్లు తిరిగి సీసాలు నింపి, చీటీ అంటించి పంపుతాను. నన్ను చాలామంది సారు అంటారు. సారం తక్కువైనా సారునే.

ఆదోని పక్కన ఒక పాత రైలు యార్డు ఉంది. తెల్లవాళ్ల కాలంలో, ఇప్పుడు పేరు కూడా మిగలని ఒక కంపెనీ, పట్టాల కింద వేసే చెక్క దిమ్మలకు అక్కడ తారునూనె పట్టించేదట, చెదలు తినకుండా. గుంతల్లో నానబెట్టి, తీసి, ఎండలో ఆరబెట్టేవాళ్లు. కారిందంతా నేల తాగింది. దిమ్మలు పోయాయి, కంపెనీ పోయింది. నేల తాగింది నేలలోనే ఉండిపోయింది. గోదాములు కట్టుకుందామని ఆ జాగా కొన్న ఆసామి, ముందు మట్టీ నీళ్లూ చూపించాలని అధికారులు అన్నారని మా కంపెనీని పిలిచాడు. కంపెనీ నన్ను పంపింది. రైలే రాని ఊరివాణ్ణి రైలు యార్డు చూసి రమ్మని.

మట్టి తీస్తుంటేనే తెలిసిపోయింది. పైన మామూలు రేగడి. ఇంకొంచెం లోతుకు పోతే జిగటగా, మెరుస్తూ, కొత్తగా వేసిన రోడ్డు వాసన. ఇక తెలియాల్సింది ఒక్కటే. అది గోడ దాటిందా? గోడ అవతల ఒక సందు. ఆ సందుకంతా ఒకే బోరు, ఈరమ్మ అనే ఆమె ఇంటి ముందర. గోడ దాటిందో లేదో ఆ బోరు నీళ్లే చెప్పాలి.

మా పనిలో రెండు పద్ధతులున్నాయి. అవి చెప్పకపోతే నా తప్పు మీకు పూర్తిగా కనపడదు. మొదటిది, బోరులో నిలవున్న నీళ్లు పట్టకూడదు. మోటారు వేసి, పాత నీళ్లన్నీ పారబోసి, నేల లోపలి నుంచి కొత్త నీళ్లు వచ్చాక సీసా నింపాలి. ఆదోని చుట్టుపక్కల ఇది చెప్పినంత సులువు కాదు. ఇక్కడ నీళ్లు పారబోసే మనిషి ఉండడు. బియ్యం కడిగినవి గేదెకు, ముఖం కడిగినవి చెట్టుకు. నేను మోటారు వేయకముందే పైపు కింద బిందెలు వచ్చి కూర్చుంటాయి. రెండో పద్ధతి జోడు సీసా. యార్డుకు ఎగువన, తారు చేరే వీల్లేని చోట, ఒక మంచి బోరు చూసుకుని దాని నీళ్లు రెండు సీసాల్లో పడతాం. ఒకదానికి అసలు పేరు, రెండోదానికి మారుపేరు. రెండింటికీ ఒకే ఫలితం రావాలి. పరీక్షించేవాళ్లకు మేం పెట్టే పరీక్ష అన్నమాట. ఆ రోజు పొద్దున జోడు సీసా నింపుకున్నాను. మారుపేరు ఇంకా రాయలేదు.

శ్రావణమాసం. మధ్యాహ్నం బస్సుకు ఉరుకుంద ఈరన్న గుడికి పోవాలి, మొక్కు ఉంది. మా ఆవిడ పాపను తీసుకుని అప్పటికే బస్టాండులో కూర్చుని ఉంది.

ఈరమ్మది ఉగ్గాని అమ్మే టిఫిన్ బండి. నేను పోయేసరికి వాకిట్లో పెద్ద గిన్నె కడుగుతోంది. మోటారు వేశాను. బిందెలు వచ్చాయి. నీళ్లతో పాటు వాసన కూడా వచ్చింది. యార్డు లోపలి వాసనే, కాస్త పలుచగా. బిందెలో నీళ్ల మీద సన్నగా రంగుల పొర తేలింది. అంతలో కరెంటు పోయింది. ఎప్పుడొస్తుందని అడిగితే ఆడవాళ్లు నవ్వారు. ఈ బోరు మూసేస్తారని పుకారు పుట్టిందని, మూస్తే తమకు ఇంకో దిక్కు లేదని ఎవరో అన్నారు. ఈరమ్మ చేతులు తుడుచుకుంటూ దగ్గరికి వచ్చింది.

"సారప్పా, మూతి అట్ల పెట్టినావేమి? మా నీళ్లు బాగలేవా?"

పరీక్ష అయితేగాని తెలియదన్నాను.

"పరీచ్చ కత ఆనెక సూద్దాం. ఊరూరి నీళ్లు సూసినోనివి, నీకు తెల్సు గదా. తాగొచ్చునా, తాగగూడదా? ఒక్క మాట సెప్పు."

"తాగొచ్చక్కా."

"మీ ఇంట్లో వాళ్లకైతే పోస్తావా?"

"పోస్తా."

"అంతే సాలు. ఇంగ ఎవురన్నా నోరెత్తితే నిన్నే సాచ్చి సెప్తా."

కరెంటు రాలేదు. సందు చివర గోడకు ఆనుకుని నిలబడ్డాను. చేతిలో జోడు సీసా ఉంది, పేరు లేకుండా. దాని మీద ఈరమ్మ బోరు పేరు రాశాను. నిలవ నీళ్లు పట్టడం నియమానికి విరుద్ధం కదా, అందుకని పట్టలేదని నాకు నేను చెప్పుకున్నాను. నియమం తప్పకూడదని నిజం తప్పాను. జోడు సీసా దారిలో పగిలిందని ఆఫీసుకు చెప్పాను. ఇట్లాంటివి మామూలే అన్నారు. పగిలింది సీసా కాదు, ఇంకేదో అని ఇక్కడ రాయాలనిపిస్తోంది. రాయను. అట్లాంటి మాటల వల్ల ఎవరి బిందెలోనూ మంచి నీళ్లు చేరవు.

బస్సు అందింది. ఉరుకుంద ఈరన్న ముందు నిలబడి కోరిక కోరడం మరిచిపోయాను. నా మరుపు అలాంటిదని ముందే చెప్పాను కదా.

ఎందుకు చేశాను? చాలా ఏళ్లు దీనికి నా దగ్గర మంచి జవాబు ఉండేది. జాలి. బోరు మూస్తే ఆ సందు గొంతు ఎండిపోతుంది, పేదవాళ్ల నోటి దగ్గరి నీళ్లు లాగేసేదెట్లా అని. ఎంత చక్కటి జవాబు! దాన్ని తలకింద పెట్టుకుని నిద్రపోయాను కూడా. కానీ అందులో ఒక చిల్లు ఉంది. గోడ అవతలి బోరు చెడిందని తేలితే, జాగా కొన్న ఆసామి తన ఖర్చుతో ఆ సందుకు మంచినీళ్ల పైపు వేయించాలి. పని మొదలుపెట్టే ముందే అధికారులూ ఆసామీ ఆ మాట అనుకున్నారు. నేను అక్కడే ఉన్నాను, విన్నాను. ఈరమ్మకు తెలియదు. నేను ఆమె నీళ్లు కాపాడలేదు. ఆమెకు రావలసిన నీళ్లను రాకుండా ఆపాను.

మరి జాలి కాకపోతే ఏమిటి? ఆ బోరు చెడిందంటే సందు చుట్టూ మళ్లీ గుంతలు తవ్వాలి, ఆ వానల్లో, ఆ బురదలో, నేనే. ఆ బస్సు తప్పుతుంది. మా ఆవిడ ముఖం మాడ్చుకుంటుంది. ఇంతేనా? ఇంత చిన్న కారణానికా? వెతికాను, ఇంతకంటే పెద్ద కారణం దొరకలేదు. నన్నెవరూ బెదిరించలేదు. ఎవరూ లంచం ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే బాగుండేది, కనీసం తిరిగి ఇచ్చేసేవాణ్ణి. బస్సును ఎవరికి తిరిగి ఇవ్వను?

గోడ అవతల నీళ్లు శుభ్రం అని వచ్చింది. రాకేమవుతుంది, అవి ఎగువ బోరు నీళ్లు. యార్డు మీద కొత్త మట్టి పరిచి గోదాములు కట్టారు. పైపు రాలేదు. నేను అదే కంపెనీలో ఉన్నాను. కొత్తగా చేరినవాళ్లకు పాత నీళ్లు ముందు పారబోయాలని పాఠం చెబుతాను. చెప్పేటప్పుడు నా గొంతులో వణుకు ఉండదు. అదే నాకు భయం.

అసలు శిక్ష ఉగ్గాని రూపంలో వచ్చింది. ఈరమ్మ బండి ఉన్న మలుపులోనే నా బస్సు ఆగుతుంది. ఆమె నన్ను మరిచిపోలేదు. నాకున్న మరుపులో పిసరంత ఆమెకు ఉంటే ఎంత బాగుండేది! "మా నీళ్లు పాసు చేసిన సారప్ప" అని అందరికీ చెప్పి, వద్దన్నా వినకుండా ప్లేటు చేతిలో పెడుతుంది. ఉగ్గాని ఎట్లా చేస్తారో మీకు తెలుసు కదా. బొరుగులు నీళ్లలో నానబెట్టి, పిండి, తాలింపు పెడతారు. ఏ నీళ్లలో నానాయో నాకు తెలుసు. తినాలి. వద్దంటే ఎందుకో చెప్పాలి. పక్కన ఇచ్చిన మిరపకాయ బజ్జీ కొరికి, వాసన తెలియకుండా మింగేవాణ్ణి. ఘాటుకు కళ్లలో నీళ్లు తిరిగేవి. వాళ్ల నీళ్లే నేనూ తింటున్నాను, ఇది నా ప్రాయశ్చిత్తం అని కొన్నాళ్లు అనుకున్నాను. సిగ్గు లేకపోతే సరి. వాళ్లు రోజూ తాగుతున్నారు. నేను ఎప్పుడో వచ్చి ఒక ప్లేటు తిని పోతున్నాను. ప్రాయశ్చిత్తంలో కూడా నాది శాంపిలే.

బయటపడాలని ఒకసారి చూశాను. ఆ సందు నీళ్లు మళ్లీ పరీక్ష చేస్తే మంచిదేమో అని ఆఫీసులో నసిగాను. ఎందుకు, అప్పుడు బాగున్నాయి కదా, సీసా నింపింది నువ్వే కదా అన్నారు. అవును, నేనే. తలుపుకు బయట తాళం వేసింది నేనే, లోపల చిక్కుకున్నదీ నేనే.

ఈరమ్మ తోడికోడలు సరోజమ్మ ఆ వాకిట్లోనే ఉండేది. కొన్నేళ్ల కింద కడుపులో ఏదో జబ్బు చేసి, అన్నం సహించక, చిక్కి చనిపోయింది. నీళ్ల వల్లనా? తెలియదు. కాకపోవచ్చు కూడా. తెలుసుకునే దారిని మూసింది మాత్రం నేను. చావు కబురు ఈరమ్మే చెప్పింది, ఉగ్గాని మీద పప్పుల పొడి చల్లుతూ. నేను తిన్నాను.

ఈ మధ్య ఆ సందులోకి హొళగుంద నుంచి ఒక జంట బాడుగకు వచ్చింది. అమ్మాయి కడుపుతో ఉంది. బోరు నీళ్లు వాసన అని, దూరం పోయి బిందెతో మోసుకొస్తోంది. ఈరమ్మకు అది అవమానంగా తోచింది. మొన్న నేను బస్సు దిగేసరికి ఆ అమ్మాయి బిందె చంకన పెట్టుకుని అటుగా వస్తోంది. ఈరమ్మ నా చేతిలో ప్లేటు పెట్టి, ఆమెను కేకేసి పిలిచింది.

"ఇదో, ఈ సారప్పనే అడుగు. నా మాట నమ్మకుంటే పాయె, సదువుకున్నోని మాట నమ్ము."

ఆ అమ్మాయి బిందె దించలేదు. నన్ను చూసింది. "తాగొచ్చునా సార్?" అంది.

అదే ప్రశ్న. జవాబు కూడా నోట్లో సిద్ధంగా ఉంది, ఇన్నేళ్ల అలవాటు. ప్లేటు వేడి వేళ్లకు తగులుతోంది.

"తాగొద్దమ్మా," అన్నాను. తర్వాత ఈరమ్మ వైపు తిరిగాను. "ఆ పొద్దు నేను పంపింది మీ నీళ్లు కాదక్కా. ఎగువ బోరువి. మీవి బాగలేవని నాకు అప్పుడే తెలుసు."

పైపు సంగతి కూడా చెప్పాను. అంతా చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. అది నన్ను ఆశ్చర్యపరిచింది.

ఈరమ్మ తిట్టలేదు. తిడుతుందని ఎదురుచూశాను, నిజం చెప్పాలంటే ఆశపడ్డాను. నా చేతిలోంచి ప్లేటు తీసుకుంది. అందులోది చెత్తబుట్టలో వేసింది. ఆ తర్వాత బండి కింద బొరుగులు నానుతున్న పెద్ద గిన్నెను రెండు చేతులా ఎత్తి, రోడ్డు మీదికి వంచింది. బొరుగులు తెల్లగా తేలుతూ పోయాయి. నీళ్లు దుమ్ములో దారి చేసుకుంటూ మోరీ దాకా పారాయి. ఆ మలుపులో ఉన్నవాళ్లంతా ఆగి చూశారు. ఆదోనిలో ఒక మనిషి నీళ్లు పారబోయడం నేను చూడటం అదే మొదలు.

రేపటికి నీళ్లు ఎక్కడ తెస్తుంది? అడిగే అర్హత నాకు లేదు. ఆ సాయంత్రమే కంపెనీకి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఇంకెవరికైనా చెప్పావా అని అడిగారు. చెప్పానన్నాను. ఇప్పుడు మీకూ చెప్పాను. ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. పైపు వస్తుందో రాదో అంతకన్నా తెలియదు. సరోజమ్మ సంగతి ఎప్పటికీ తెలియదు.

అంతకుముందు, నేను ఇంకా ఆ బండి దగ్గరే నిలబడి ఉండగా ఎవరో వచ్చి ఒక ప్లేటు అడిగారు. ఈరమ్మ ఖాళీ గిన్నెను బోర్లించి, నా వైపు చూడకుండా, "ఈ పొద్దు లేదప్పా," అంది.

ఆకలితోనే ఇంటికి వచ్చాను.