ఇంగ్లిష్‌లో మొగుడి పేరు

తొంభైల్లో బాన్సువాడలో బీడీలు చుట్టే ఆడవాళ్లకు సాయంత్రాలు ఇంగ్లిష్ చెప్పేవాణ్ణి. బస్సు, టికెట్, కరెంటు అన్నీ ఇంగ్లిషే, సగం భాష మీ నోట్లోనే ఉందని నమ్మించాను. మనకు చివర్లో వచ్చే క్రియ ఇంగ్లిష్‌లో మధ్యకొస్తుందంటే, ఆకులో తంబాకు పెట్టినంత సులువుగా మధ్యలో పెట్టేశారు.

ఒకరోజు ఒక అక్కను భర్త పేరు అడిగాను. "మై హస్బెండ్స్ నేమ్ ఈజ్" దాకా గడగడా చెప్పి, పక్కామెను మోచేత్తో పొడిచింది. ఆ పేరు పక్కామె చెప్పింది. క్లాసంతా అదే తంతు. నాకు చిర్రెత్తింది.

"మొగుని పేరు పలుకొద్దన్నది తెలుగుల గదక్కా, ఇంగ్లిష్‌ల చెప్తే తప్పేంది?" అన్నాను, ఏదో వరమిస్తున్నట్టు.

ఆమె నన్ను జాలిగా చూసింది.

"ఇంగ్లిష్‌ల గూడ ఆయన పేరు గదే గద సార్?"