అల్ అహ్సా వేడినీళ్ళలో నా ఉంగరం తీసిన మనిషి

దయ్యాలున్నాయని చెప్పేవాళ్ళ మొహం మీదే నవ్విన మనిషిని నేను. ఇరవై రెండేళ్ళు ఆసుపత్రిలో ఆయాగా చేశాను. చచ్చిపోయినవాళ్ళ ఒళ్ళు తుడిచాను, గడ్డం కింద గుడ్డ కట్టాను, కాళ్ళు సరిచేశాను. వాళ్ళలో ఒక్కరు కూడా తిరిగొచ్చి నన్ను పలకరించలేదు. బతికుండగా నన్ను తిట్టిపోసినవాళ్ళు కూడా ఆ తర్వాత నోరెత్తలేదు. కాబట్టి ఇది చదివి ముసలిదానికి మతి పోయిందనుకుంటే అనుకోండి. మీ చోట నేనుంటే అదే అనుకునేదాన్ని.

నా పేరు మార్తమ్మ. మాది అనకాపల్లి అవతల. మా అమ్మాయి గ్రేసు సౌదీలో, అల్ ఖోబర్‌లో నర్సు. నాకు రెండు చేతులూ తిమ్మిరి. జాకెట్టు హుక్కు పెట్టుకోలేను, కిందపడ్డ పిన్నీసు తీయలేను. మణికట్టులో నరం నొక్కుకుపోయిందన్నారు. విజిట్ వీసా మీద నన్ను పిలిపించి, తను పనిచేసేచోటే ఆపరేషన్ చేయిస్తానంది. ముందు ఎడమచెయ్యి, తర్వాత కుడిచెయ్యి.

అడ్డం పడింది నా పెళ్ళి ఉంగరం. ఎడమచేతి ఉంగరపు వేలికి ఉంది. వేలి కణుపు లావెక్కి అది ఇరుక్కుపోయి పన్నెండేళ్ళు దాటింది. సబ్బు, నెయ్యి, ఐసు, అన్నీ అయ్యాయి. పళ్ళ సందులు శుభ్రం చేసుకునే దారం గ్రేసు నా వేలికి చుట్టి లాగింది. ఉంగరం రాలేదు, నేను పెట్టిన కేకకి పక్క ఫ్లాటు పాకిస్తానీ ఆవిడ వచ్చింది. ఉంగరంతో ఆపరేషన్ కుదరదు, కోసి తీస్తామన్నారు డాక్టరు. ఏదో సాకు చెప్పి రెండుసార్లు వాయిదా వేయించాను. మూడోసారి ఆయన, ఇక ఆలస్యం చేస్తే నరం చచ్చిపోతుంది, చెయ్యి ఎందుకూ పనికిరాదు అని చెప్పి సోమవారం ఖాయం చేశారు.

మా అమ్మాయి అనుకున్నది నాన్న గుర్తని నేను కొయ్యనివ్వడం లేదని. అది కాదు సంగతి. అసలు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

మా ఆయన పేరు దేవదానం. ఆయనకు నాకన్నా ముందు సుశీల అనే పిల్లతో సంబంధం అనుకుని, మానుకున్నారు. పెళ్ళయిన వారానికే ఆయన అక్క, మా రూతు వదిన, చేపలు తోముతూ నాకొక మాట చెప్పింది.

"ఆ ఉంగరం సుశీలకని సేయించిందే. సంబంధం మార్చాం గానీ ఉంగరం మార్చనేదు. నోపల పేరు కూడా ఉంది, సదువుకో."

నాకు అప్పుడు అక్షరం ముక్క రాదు. ఆ సంగతి వదినకు తెలుసు కాబట్టే చదువుకోమంది. మా ఆయన్ని అడిగితే "నీ పేరే ఉంది" అని నవ్వేవాడు. ఏ పేరో పలకమంటే "చదువొచ్చాక చూసుకో" అని ఇంకా నవ్వేవాడు. అప్పట్లో ఉంగరం ఊడి వచ్చేది. ఇంకొకరి చేత చదివించుకోవచ్చు. కానీ అది సుశీల అయితే చదివినవాళ్ళు ఊరంతా చెబుతారు. నా కళ్ళతోనే చదవాలని పట్టుపట్టాను.

యాభై రెండేళ్ళకు సాయంత్రం బడిలో చేరాను. బైబిలు చదువుకోవాలని చేరానని పాస్టరుగారికి చెప్పాను. అది అబద్ధం కాదు, సగం నిజం. అక్షరాలు వచ్చేసరికి ఉంగరం రావడం మానేసింది. ఆరేళ్ళ కిందట ఆయనా పోయాడు. ఇప్పుడు కట్టరు పెట్టి కోసేటప్పుడు కోత సరిగ్గా ఆ పేరు మీద పడితే ఏం చెయ్యను? నలభై నాలుగేళ్ళు మోసి, చివరికి తెలియకుండా పోవడమా?

ఆ సోమవారానికి ముందు శనివారం గ్రేసు అంది, "అమ్మా, అల్ అహ్సాలో వేడినీళ్ళ ఊట ఉంది. జపాను పద్ధతి స్నానాల ఇల్లు. పొద్దున పూట ఆడవాళ్ళకే. కీళ్ళకి మంచిదట, వెళ్దాం." ఎప్పుడో అక్కడ పనిచేసిన జపాను ఇంజినీరు ఒకాయన ఖర్జూరపు తోటలో, వేడినీళ్ళ బావి మీద కట్టించుకున్నాడట. ఇప్పుడు ఒక అరబ్బు ఆవిడది.

వేడినీళ్ళ స్నానమంటే మాకు తెలిసింది తలంటు ఒక్కటే. అంత దూరం పోయి ఉత్త స్నానం చేస్తామా? తెల్లవారుజామునే లేచి తల నుంచి అరికాలి దాకా నువ్వులనూనె పట్టించాను. డబ్బాలో సున్నిపిండి పోసుకున్నాను. పాత నైటీ, దాని మీద అక్కడి ఆడవాళ్ళు వేసుకునే పొడుగాటి నల్ల అబాయా. గ్రేసు నన్ను చూసి తల పట్టుకుని, కారు సీటు మీద భోజనాల బల్ల ప్లాస్టిక్ గుడ్డ పరిచింది. గంటన్నర ప్రయాణం. బ్రేకు వేసినప్పుడల్లా నేను ముందుకు జారాను. చెక్‌పోస్టు దగ్గర పోలీసు అద్దం దించమని, గాలి పీల్చి, గ్రేసు అక్కడ ఉండడానికిచ్చిన ఇకామా కార్డు కూడా చూడకుండా పొమ్మన్నాడు.

స్నానాల ఇల్లు చిన్నది. అంతా చెక్క, గుమ్మానికి సగం దాకా వేలాడే నీలం పరదా. లోపలికీ బయటికీ అదొక్కటే దారి. అక్కడ చూసుకునే మనిషి లీజా, ఫిలిప్పీన్స్ అమ్మాయి. అబాయా తీయగానే నన్ను చూసి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"నో ఆయిల్ మామా! నో ఆయిల్!"

గ్రేసు తెలుగులో చెప్పింది. తొట్టిలోని నీళ్ళు అందరివీ. అందులో దిగేముందే బయట కూర్చుని ఒళ్ళు పూర్తిగా తోముకోవాలి. నూనె చుక్క ఉండకూడదు, సబ్బు నురగ ఉండకూడదు. నూలుపోగు కూడా ఉండకూడదు.

"అంటే?"

"అంటే బట్టలు విప్పాలమ్మా."

"ఒసేయ్, నేను కన్నదాని ముందు నేను బట్టలు విప్పాలా?"

"రోజుకి పదిమందికి ఒళ్ళు తుడుస్తానే నేను. నీ దగ్గర కొత్తగా ఏముంది చూడ్డానికి?"

నా ఉద్యోగం నాకే అప్పజెప్పింది. నోరు మూసుకుని విప్పాను. లీజా నాకొక పీట, చెక్క బొక్కెన, చిన్న తువ్వాలు ఇచ్చింది. ఆ తువ్వాలుతో ఏం కప్పుకోవాలో నాకు అర్థం కాలేదు. ముందు కప్పుకుంటే వెనక లేదు, వెనక కప్పుకుంటే ముందు లేదు. చివరికి అది తల మీద మడిచి పెట్టుకోవడానికట.

నూనె వదిలేసరికి ముప్పావుగంట పట్టింది. గ్రేసే వీపు తోమింది. నాలుగుసార్లు సబ్బు పెట్టించింది లీజా. ఇది గుర్తు పెట్టుకోండి. నా వేలి మీద ఆ తర్వాత నూనె జిడ్డు గానీ, సబ్బు జారుడు గానీ లేదు.

నేను ఇంకా పీట మీద ఉండగానే గ్రేసు తొట్టిలో దిగి కూర్చుంది. నేను దిగేసరికి దానికి తల తిరుగుతోందంది. బయట అరుగు మీద గాలికి కూర్చుంటానని, ఒళ్ళు తుడుచుకుని, గౌను తొడుక్కుని వెళ్ళింది. నేనొక్కదాన్నే మిగిలాను. పొద్దున పదకొండు అయి ఉంటుంది. పైన కిటికీలోంచి ఎండ నీళ్ళ మీద పడుతోంది. అగ్గిపుల్ల గీసినట్టు వాసన, ఆవిరి. మెడదాకా మునిగి కళ్ళు మూసుకున్నాను. నిద్రపోలేదు. నిద్రపోతే గురక పెడతాను, అరుగు మీద గ్రేసుకు వినబడేది.

"నూకాలూ."

కళ్ళు తెరిచాను. తొట్టిలో నా ఎదురుగా ఒక ముసలావిడ కూర్చుని ఉంది. నాకన్నా పెద్దదే. బక్కమనిషి, తల మీద మడిచిన తువ్వాలు. ఆవిరిలో మొహం సరిగా తెలియలేదు. జపాను మనిషో, ఫిలిప్పీన్స్ మనిషో, మన మనిషో చెప్పలేను. ఎవరో నా తర్వాత వచ్చి దిగిందనుకున్నాను. చెయ్యి చాపింది. పెద్దమనిషి చెయ్యి చాపితే ఇవ్వకపోవడం ఏం మర్యాద? ఎడమచెయ్యి ఇచ్చాను.

తన తల మీది తువ్వాలు కాదు, నా తల మీదిది తీసింది. దాని అంచు నుంచి పొడుగాటి దారం లాగింది. కొసను ఉంగరం కిందుగా దూర్చి, మిగతాది కణుపు దాకా దగ్గర దగ్గరగా చుట్టింది. మా గ్రేసు చేసినట్టే. కానీ ఈవిడ తొందరపడలేదు. ఒక్కో చుట్టూ విప్పుతుంటే ఉంగరం ఒక్కో నూలుపోగంత జరిగింది. నొప్పి లేదు. అరచేతిలో ఉంగరం పెట్టి నా వేళ్ళు మూసింది. నవ్వింది, అది మాత్రం చూశాను.

థాంక్స్ చెప్పాలని నాకు తోచలేదు. కళ్ళజోడు బట్టల గదిలో ఉంది. వయసు, మోకాళ్ళు, సిగ్గు, ఏదీ అడ్డం రాలేదు. లేచి ఉరికాను. రెండుసార్లు జారాను. కళ్ళజోడు పెట్టుకుని ఉంగరాన్ని కిటికీ వెలుగుకి పట్టి, కూడబలుక్కుని చదివాను.

నూకాలు అని ఉంది.

అప్పుడు ఏడ్చానని గ్రేసు అంటుంది. ఒళ్ళంతా నీళ్ళు కారుతుంటే ఏవి ఏ నీళ్ళో దానికెలా తెలుస్తుంది?

చప్పుడుకి అది పరుగెత్తుకొచ్చింది. ఉంగరం లేని వేలు చూసి నోరు తెరిచింది. ఉంగరం తీసుకుని లోపల చదివింది. దాని మొహం పాలిపోయింది. నా భుజం మీద చెయ్యేసి, ఆసుపత్రిలో చుట్టాలకు చెడ్డ కబురు చెప్పే గొంతుతో అడిగింది.

"అమ్మా... నాన్నకి ఈ నూకాలు ఎవరే?"

"నేనేనే, దరిద్రపుదానా!"

నేను పుట్టినప్పుడు మా అమ్మ నాకు మా వైపు దేవత నూకాలమ్మ తల్లి పేరు పెట్టింది. పెళ్ళికి ముందు బాప్తిస్మం ఇప్పించి మార్తమ్మ అన్నారు. రేషన్ కార్డు, పాస్‌పోర్టు, అన్నిటా మార్తమ్మే. నూకాలు అని పిలిచింది మా అమ్మ, తర్వాత మా ఆయన, అదీ ఇంట్లో ఎవరూ లేనప్పుడు. ఇద్దరూ లేరు. నా కడుపున పుట్టిన పిల్లకే తెలియదు ఆ పేరు.

"ఉంగరం ఎలా వచ్చింది?" అంది గ్రేసు.

"లోపల ముసలావిడ తీసింది."

"లోపల ఎవరూ లేరమ్మా. గుమ్మానికి ఎదురుగా నేనే కూర్చున్నా. నా కాళ్ళు దాటుకుని పోవాలి ఎవరైనా."

ఇద్దరం వెళ్ళి చూశాం. తొట్టి ఖాళీ. గట్టు మీద దారం ఉంది, చుట్టలు చుట్టలుగా. లీజాని అడిగితే ఈ పూటకి మీరిద్దరే, ఇంకెవరూ రాలేదు అంది. అని, నా తువ్వాలు చూపించి, ఈ అంచు పాడుచేసింది ఎవరని నన్నే నిలదీసింది.

కారెక్కాక గ్రేసు నర్సు బుద్ధి మొదలుపెట్టింది. వేడికి మగతలో నువ్వే తీసుకుని ఉంటావంది. పిన్నీసు పట్టుకోలేని వేళ్ళతో దారం లాగి, ఉంగరం కింద దూర్చానా అన్నాను. పైగా వేడినీళ్ళలో వేళ్ళు ఉబ్బుతాయి, తగ్గవు అని తనే అంది.

పెట్రోలు బంకు దగ్గరికి వచ్చాం. అప్పుడు తట్టింది నాకు.

"గ్రేసూ. ఆవిడ నన్ను ఏమని పిలిచిందో తెలుసా?"

చెప్పాను. ఉంగరం వేలికి ఉండగానే పిలిచింది. తీశాక కాదు. గ్రేసు కారు పక్కకి తీసి ఆపింది. చెయ్యి చాపి, నా నాడి చూసింది. ఆ తర్వాత తన నాడి చూసుకుంది.

ఇల్లు చేరగానే రూతు వదినకు వీడియో కాల్ చేసి, ఉంగరం లోపలి వైపు ఫోనుకి ఆనించి పట్టుకున్నాను. "సదువు వదినా, సదువు."

"ఏటే అది? నాకు కళ్ళజోడు నేదే ఇప్పుడు."

కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. నేనే చదివి వినిపించాను, అక్షరం అక్షరం. అంతా విని వదిన, ఎవరు తీశారని అడిగింది. ఊళ్ళో దయ్యాల కథలన్నీ చెప్పే మనిషి కదా అని జరిగింది చెప్పాను. "నీలాంటి పొగరుబోతుదాని జోలికి ఏ దయ్యమూ రాదులే" అని ఫోను పెట్టేసింది.

సోమవారం ఆపరేషన్ అయింది. చెయ్యి బాగుంది. వీసా అయిపోయేలోగా గ్రేసును సతాయించి రెండుసార్లు మళ్ళీ ఆ నీళ్ళకి వెళ్ళాను, నూనె లేకుండా. రెండుసార్లూ ఎవరూ రాలేదు. వేళ్ళు ముడుచుకుపోయేదాకా కూర్చుని లేచొచ్చాను.

మా అమ్మ అయి ఉంటుందని చర్చిలో ఒకావిడ అంది. కాదు. మా అమ్మ ఆజానుబాహువు, చేతులు మొరటు. ఇంకెవరు? దయ్యాలు లేవనే ఇప్పటికీ అంటాను. ఆవిడ మాత్రం నా పేరు పెట్టి పిలిచింది, నేను పలికాను. ఎదురు తన పేరేమిటని అడగాలని కూడా తోచలేదు నాకు.