చాలు మామయ్య, నా కంప్యూటరు

మా మేనమామకు ఏ వస్తువు చూపించినా నోటి వెంట వచ్చేది ఒకటే మాట: "ఇది చాలు." కొత్తది కొందామంటే ఉన్నది చాలు. పెద్దది కొందామంటే చిన్నది చాలు. ఆయన కళ్ళజోడుకు ఒక పక్క పుల్ల ఎప్పుడో విరిగిపోయింది. "బాగుచేయించుకో మామయ్యా, చూసేవాళ్ళు నవ్వుతారు" అంటే, "ఇంకో చెవి మోస్తోందిగా, చాలు" అన్నాడు. పెళ్ళికి ముందు అత్తయ్యను మొదటిసారి చూసి వచ్చిన రోజున, "ఎలా ఉందిరా అమ్మాయి?" అని మా అమ్మ అడిగితే కూడా ఇదే మాట అన్నాడట. అత్తయ్య ఆ సంగతి ఇప్పటికీ మరిచిపోలేదు. మామయ్యను మరిచిపోనివ్వలేదు కూడా.

అందుకే చుట్టాలందరికీ ఆయన చాలు మామయ్య. ఆ పేరు విని ఆయన ఎన్నడూ కోపగించుకోలేదు. మనిషికి ఇంకో పేరెందుకు, ఇదే చాలనుకున్నాడేమో.

అలాంటి మనిషి చేతిలో నా కంప్యూటరు పడింది.

అప్పటికి నేను ఆఫీసు ఉద్యోగం మానేసి, ఇంట్లో భోజనాల బల్ల కుర్చీలో కూర్చుని వీడియోలు ఎడిట్ చేసే పని మొదలుపెట్టాను. స్కూలు పిల్లలకు సైన్సు పాఠాలు తయారుచేసే సంస్థ ఒకటి నమూనాకని ఒక పాఠం నా చేతికిచ్చింది. కప్ప ఆహారాన్ని ఎలా జీర్ణం చేసుకుంటుందన్నది ఆ పాఠం. శుక్రవారం సాయంత్రంలోగా పంపాలి. వాళ్ళకు నచ్చితే ఏడాది పొడుగునా పని. నచ్చకపోతే, వదిలేసిన ఆఫీసు గుమ్మం ముందు మళ్ళీ చేతులు కట్టుకుని నిలబడాలి.

కప్ప మాత్రం సహకరించలేదు. అది పురుగును చూసి నోరు తెరిచేది. సరిగ్గా అక్కడ కంప్యూటరు ఆగిపోయేది. పురుగు గాల్లో, కప్ప నాలుక బయట, నేను తల పట్టుకుని. ఎన్నిసార్లు మొదలుపెట్టినా ఆ కప్ప నోట్లోకి ముద్ద దిగలేదు.

"ఇక లాభం లేదమ్మా, కొత్త కంప్యూటరు కొనేస్తాను" అన్నాను. అమ్మ మంచిదే అంది. అని ఊరుకోకుండా తన తమ్ముడికి ఫోన్ చేసింది.

మామయ్య ఆసుపత్రిలో యంత్రాలు బాగుచేసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. అందరూ చొక్కా జేబులో పెన్ను పెట్టుకుంటే ఆయన స్క్రూడ్రైవర్ పెట్టుకుంటాడు. మంగళవారం పొద్దున్నే దిగి, చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టాడు.

"ఏమిటమ్మా దాని బాధ?"

"చచ్చిపోతోంది మామయ్యా. ప్రాసెసర్ మార్చాలి. అది మారిస్తే మదర్‌బోర్డు మార్చాలి. గ్రాఫిక్స్ కార్డు మార్చాలి..."

"అంటే రోగాన్ని అలాగే ఉంచి మనిషిని మార్చేద్దామంటావు."

"నాకు శుక్రవారం గడువుంది!"

"అందుకే తొందరపడకూడదు. నువ్వు కూర్చుని రోజూ చేసే పని చెయ్యి. నేను చూస్తాను."

ఏ పార్టు ఎంత కష్టపడుతోందో చూపించే కిటికీ ఒకటి స్క్రీను మూలన తెరిపించి, పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. కూర్చున్నవాడు భోజనం వేళ దాకా లేవలేదు. నేను ఏం చేసినా "ఊఁ" అంటాడు. ఆగితే అడుగుతాడు.

"ఇప్పుడేం చేశావు?"

"కాఫీ తాగాను."

"ఇప్పుడు?"

"తిట్టుకున్నాను."

"ఎవర్ని?"

"కంప్యూటర్ని. ఇంకాసేపు అలాగే చూశావంటే నీ వంతు కూడా వస్తుంది."

ఆయన ఏమాత్రం నొచ్చుకోకుండా మళ్ళీ "ఊఁ" అన్నాడు. పక్కన మనిషి కూర్చుని మన పని వంక గుడ్లప్పగించి చూస్తుంటే వేళ్ళు కూడా తడబడతాయి. ఆ పూట నేను కప్ప బెకబెకకు బదులు మైకులో పడిన నా గొంతే ఒకసారి పాఠంలో కలిపేశాను. అందులో నేనన్న మాట చిన్నపిల్లలు వినదగింది కాదు.

చివరికి తీర్పు చెప్పాడు. "మీ ప్రాసెసర్ కాలు మీద కాలేసుకుని కూర్చుంది. పాపం, దానికి పని అందితే కదా! ఆ పని అందించాల్సిన ర్యామ్ పీకల దాకా నిండిపోయింది. నిండిపోయి సామానంతా ఈ పాత హార్డ్ డిస్కు నెత్తిన పడేస్తోంది. ఇదేమో మెట్లెక్కే ముసలాయనలా ఆయాసపడుతోంది. ఇంకొంచెం ర్యామ్ వేసి, డిస్కు తీసేసి వేగంగా నడిచే కొత్తరకం డిస్కు, ఎస్‌ఎస్‌డీ పెట్టు. మిగతాదంతా చాలు."

"పెట్టాక కూడా ఆగిపోతే?"

"అప్పుడు నన్ను తిట్టు. నా వంతు ఎలాగూ బాకీ ఉందిగా."

బుధవారం కంప్యూటర్ దుకాణాల వీధికి తీసుకెళ్ళాడు. వెళ్ళి కొనుక్కురావడమనే పద్ధతి ఆయనకు లేదు. మొదటి దుకాణంలో అడిగిన ధర రెండో దుకాణంలో చెబుతాడు. వాళ్ళన్నది మూడో దుకాణానికి మోసుకెళతాడు. అక్కణ్ణించి మళ్ళీ మొదటికి. ఎండలో ఆయన వెనక నేను. నా చెప్పులు అరిగిపోతున్నాయంటే, "ఇంకా మడమ ఉందిగా" అన్నాడు.

ఒక కుర్ర సేల్స్‌మన్ రంగురంగుల దీపాలు వెలిగే ర్యామ్ చూపించాడు.

"దీపాలు వెలిగితే పని తొందరగా అవుతుందా నాయనా?" అన్నాడు మామయ్య.

"అవదు సార్. చీకట్లో చాలా బాగుంటుంది."

"మా అమ్మాయి చీకట్లో పని చెయ్యదు. చేసినా డబ్బా మూత వేసి ఉంటుంది. ఈ దీపాలు ఎవరు చూడాలి, లోపలున్న ఫ్యానా?"

"పోనీ దీనికి రెట్టింపు సైజుది తీసుకోండి సార్. ముందు ముందు పనికొస్తుంది."

"ముందు ముందు కొంటాంలే."

చివరికి వీధి మొదట్లో ఉన్న పాత దుకాణంలో స్థిరపడ్డాం. ఆ యజమానికి మామయ్య చాలాకాలంగా తెలుసు. తెలుసన్న సంగతి ఆయన ముఖంలోనే కనిపించింది. మామయ్య డబ్బాల మీద అక్షరాలు చదవడంలో పడగానే ఆయన నా వైపు వంగి, "మీ నాన్నగారాండీ?" అన్నాడు.

"మేనమామ."

"ఎలా భరిస్తున్నారండీ?"

"ఎక్కడ భరించానండీ! ఇంకా పొద్దుందిగా."

ర్యామ్, ఎస్‌ఎస్‌డీ రెండూ బల్ల మీదికొచ్చాయి. చిన్నవే, దీపాలు లేనివే. లేద్దామనుకునేలోపు మామయ్య, "పవర్ సప్లై ఒకటి చూపించండి" అన్నాడు. కరెంటును తీసుకుని లోపలి పార్టులన్నిటికీ పంచే డబ్బా అది. పాతది మోత పెడుతోందని, వాసన కూడా వస్తోందని ఆయనే కనిపెట్టాడు. యజమాని అనుభవం కొద్దీ అన్నిటికన్నా చవకది తీసి పెట్టాడు. మామయ్య దాన్ని అరచేతిలో ఎత్తి చూసి కింద పెట్టాడు.

"ఇది చాలదు."

యజమాని కూర్చున్నవాడల్లా లేచి నిలబడ్డాడు. "ఏమన్నారు?"

"చాలదు. మంచిది తియ్యండి. ఇది పోతే ఒంటరిగా పోదు, పక్కనున్నవాళ్ళందర్నీ వెంటబెట్టుకుని పోతుంది. దీని దగ్గర మాత్రం పీనాసితనం కూడదు."

ఆ మాట మామయ్య నోట వినే రోజొస్తుందని నేననుకోలేదు. ఆ సంతోషం ఆటో దిగేదాకా కూడా నిలవలేదు. మా వీధి మలుపులో పార్టుల సంచీ చంకన పెట్టుకుని, "రేపు వచ్చి బిగిస్తాను. నాకిప్పుడు వేరే పనుంది" అన్నాడు.

"మామయ్యా, నాకు గడువు..."

"శుక్రవారం. తెలుసు. ఇంకా శుక్రవారం రాలేదుగా."

సంచీ ఇచ్చేసి వెళ్ళమన్నాను. నేను బిగిస్తే మరలు మిగులుతాయన్నాడు. సాయంత్రం ఫోన్ చేస్తే అత్తయ్య ఎత్తింది. "ఇంటికి రాలేదమ్మా. ఎక్కడికెళ్ళారో నాకేం తెలుసు! పెళ్ళయినప్పణ్ణించీ చెప్పి వెళ్ళిన పాపాన పోలేదు" అంది. గురువారం మధ్యాహ్నం దాటినా ఆయన జాడలేదు. నేను గుమ్మానికీ, కదలని కప్పకూ మధ్య తిరుగుతూ ఏడవడం ఒక్కటే తక్కువ. తమ్ముడికి ఫోన్ చేసినందుకు అమ్మతో మాట్లాడటం మానేశాను.

చివరికి ఏమీ జరగనట్టే నడుం మీద చెయ్యి వేసుకుని మెల్లగా నడుస్తూ వచ్చాడు. కసి కొద్దీ నేనేమీ అడగలేదు. ఆయన కంప్యూటరు విప్పి, లోపల పేరుకున్న దుమ్ము బ్రష్షుతో దులిపాడు. పార్టులు బిగించాడు. పాత డిస్కులో ఉన్నదంతా కొత్తదానిలోకి ఎక్కించాడు. "ఇక కానీ" అన్నాడు.

కప్ప నోరు తెరిచింది. నాలుక చాచింది. పురుగును గుటుక్కున మింగేసింది! అమ్మా నేనూ ఒకేసారి కేకపెట్టాం. అన్నం తినే కప్పను చూసి అంత ఆనందపడ్డ కుటుంబం ఇంకెక్కడా ఉండదు. మర్నాడు మధ్యాహ్నానికే పాఠం పూర్తిచేసి పంపించేశాను.

కాసేపటికి తలుపు కొట్టిన చప్పుడైంది. ఇద్దరు మనుషులు పెద్ద అట్టపెట్టె పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళ వెనక మామయ్య.

"మేమేమీ ఆర్డరివ్వలేదు" అంది అమ్మ.

"నేనిచ్చానక్కా. పిల్ల కంప్యూటర్లో ఒక పార్టు ఇంకా మార్చలేదు."

పెట్టె విప్పితే కుర్చీ. చక్రాలున్నది, నడుముకు ఆనుకునేలా వీపు వంపు తిరిగినది, చేతులు పైకీ కిందికీ జరిగేది. ఆఫీసులో మా పెద్ద మేనేజరు గదిలో కూడా అలాంటిది చూడలేదు.

"ఇది కంప్యూటర్లో ఎక్కడ బిగిస్తావు మామయ్యా?" అన్నాను.

"నీ వెనకాల" అన్నాడు. "ఆ రోజు పూటంతా చూశాను కదా. కంప్యూటరు ఆగినప్పుడల్లా ర్యామ్ నిండిపోయింది, అది సరే. కానీ కంప్యూటరు ఆగకపోయినా నువ్వు ఆగుతున్నావు. ఆ భోజనాల కుర్చీలో తలగడ అటు తోసి, ఇటు తోసి, నడుం పట్టుకుని పళ్ళు బిగబట్టి మళ్ళీ మొదలుపెడుతున్నావు. ఏడాది పని వస్తే ఏడాదీ అలాగేనా? ర్యామ్ పోతే దుకాణంలో దొరుకుతుంది. నడుం ఏ దుకాణంలో అమ్ముతారు?"

"ముందే చెప్పొచ్చుగా!"

"చెబితే ఏమంటావో తెలుసు. 'వద్దు మామయ్యా, ఉన్న కుర్చీ చాలు' అంటావు. మన వంశంలో ఉందమ్మా ఈ జబ్బు."

నిజానికి ఆ మాట అప్పటికే నా నాలుక చివరిదాకా వచ్చింది.

"అయితే బుధవారం నువ్వు మాయమైంది..."

"కుర్చీల దుకాణానికే. నిన్న పొద్దున కూడా అక్కడే. కూర్చుని చూడకుండా కుర్చీ ఎలా కొంటారు? అన్నిట్లోనూ గంటలకొద్దీ కూర్చున్నాను. వాళ్ళు నన్ను పని లేక వచ్చిన ముసలాడనుకున్నారు. వాటిలో సగం కుర్చీలు బాగాలేవు. కూర్చుని కూర్చుని నా నడుం పట్టేసింది."

"బేరమాడావా?" అంది అమ్మ అనుమానంగా.

"ఆడలేదు."

అమ్మ గబగబా వచ్చి తమ్ముడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

అంతలో నా ఫోన్ మోగింది. సంస్థవాళ్ళు. కప్ప బాగుందట. వచ్చే వారానికి బొద్దింక కావాలట, ఆ తర్వాత వానపాము, ఆ తర్వాత మిగతా జీవరాశి అంతా. కళ్ళు తుడుచుకుని ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగేసరికి, నా కుర్చీలో అమ్మ కూర్చుని ఉంది. పక్కనున్న మీట నొక్కితే పైకి లేస్తుందని, మళ్ళీ నొక్కితే దిగుతుందని అప్పటికే కనిపెట్టేసింది. లేస్తోంది, దిగుతోంది.

"అక్కా, లే. పిల్ల పని మొదలుపెట్టుకోవాలి" అన్నాడు మామయ్య.

"మొదలుపెట్టుకోనీరా, నేనేమైనా అడ్డమా? పుట్టి బుద్ధెరిగి నాకోసం ఒక్కటంటే ఒక్క వస్తువు కొన్నావా నువ్వు?"

మామయ్య కుర్చీ వెనక్కి వెళ్ళి, రెండు చేతులతో దాన్ని పట్టుకుని, అక్కను మెల్లగా గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టాడు. "ఒరేయ్, పడిపోతాన్రా!" అంటూ అమ్మ చిన్నపిల్లలా నవ్వుతోంది. ఆపమని మాత్రం అనడంలేదు.

చేసేది లేక నేను నిలబడే బొద్దింక పని మొదలుపెట్టాను.